తెర వెనుక ఆదేశం: ప్రెజెంటేషన్ సాఫ్ట్‌వేర్, మాక్రోల చరిత్ర

7.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• మాక్రో అంటే ఏమిటో, ఆ భావన ఎలా పుట్టిందో వివరించగలుగుతారు.
• ప్రెజెంటేషన్ సాఫ్ట్‌వేర్‌లోకి మాక్రోలు వచ్చిన క్రమాన్ని తేదీలతో చెప్పగలుగుతారు.
• కుప్పం, మదనపల్లె ప్రాంతాల అనుభవాన్ని ఈ చరిత్రతో కలిపి పరిశీలించగలుగుతారు.
• ఒక చిన్న మాక్రోను చదివి అది చేసే పనిని, దాని పరిమితులను గుర్తించగలుగుతారు.

7.1 పరిచయం

గోడ మీద వెలుగు పడి, అక్షరాలు, బొమ్మలు ఒకదాని తరవాత ఒకటి వచ్చే ప్రదర్శనను మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. అది మీ పాఠశాల కావచ్చు, మండల కార్యాలయం కావచ్చు, వ్యవసాయ శాఖ వారి సదస్సు కావచ్చు. పలమనేరుకు, కుప్పానికి దగ్గరలో, కర్ణాటక, తమిళనాడు సరిహద్దులకు చేరువగా ఉన్న బైరెడ్డిపల్లె వంటి మండల కేంద్రంలో కూడా ఇప్పుడది వింత కాదు.

అలాంటి ప్రదర్శనను తయారుచేసే పని మీ మీద పడిందనుకుందాం. 60 స్లైడ్లు సిద్ధం చేశారు. చివరి నిమిషంలో పెద్దసారు వచ్చి, వెనక వరసలో వారికి అక్షరాలు కనబడటం లేదు, అన్నిచోట్లా పెద్దవి చేయమన్నారు. మీరు ఒక్కొక్క స్లైడు తెరచి, ఒక్కొక్క పెట్టెను నొక్కి, అంకె మార్చుకుంటూ పోతే గంట పడుతుంది. అదే పనిని ఏడెనిమిది పంక్తుల ఆదేశంగా రాసి ఇస్తే యంత్రం క్షణంలో ముగిస్తుంది. ఆ ఆదేశాల వరసనే మాక్రో అంటారు.

ఇది కంప్యూటర్ కోర్సులోని భాగం కాదు, చరిత్ర కోర్సులోని భాగం. కాబట్టి మాక్రో రాయడం నేర్పడం మన ముఖ్య ఉద్దేశం కాదు. తోలుబొమ్మలాటలో తెర ముందు కూర్చుని చూసేవారు వందలమంది ఉంటారు. తెర వెనుక బొమ్మను ఆడించేవారు కొద్దిమందే. ప్రతి కొత్త సాధనం విషయంలోనూ చరిత్ర విద్యార్థి అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఆ సాధనం ఒక ప్రాంతానికి చేరినప్పుడు అక్కడి ప్రజలు తెర ముందు ఉన్నారా, తెర వెనుక ఉన్నారా? మాక్రో చరిత్రను మనం ఈ ప్రశ్నతోనే చదువుదాం.

7.2 మాక్రో: పాత ఆలోచన, కొత్త పేరు

పాటల పుస్తకంలో ప్రతి చరణం చివర పల్లవి మొత్తం మళ్లీ అచ్చువేయరు. పల్లవిలోని మొదటి మాట రాసి పక్కన రెండు నిలువు గీతలు పెడతారు. పాడేవారు ఆ గుర్తు చూడగానే పూర్తి పల్లవి అందుకుంటారు. ఒక చిన్న గుర్తు పెద్ద భాగానికి బదులుగా నిలవడమే మాక్రోకు మూలసూత్రం. మన వ్యాకరణ సంప్రదాయంలోనూ ఇది ఉంది. మనం వాడే అచ్చు, హల్లు అనే మాటలు పాణిని వ్యాకరణంలోని అచ్, హల్ అనే ప్రత్యాహారాల నుంచి వచ్చాయి. అచ్ అంటే స్వరాలన్నీ, హల్ అంటే వ్యంజనాలన్నీ. రెండక్షరాల సంకేతం ఒక సమూహాన్నంతా సూచిస్తుంది.

కంప్యూటర్ల రంగంలో ఈ మాట 1950ల నాటిది. గ్రీకులో మాక్రోస్ అంటే పెద్దది, పొడవైనది అని అర్థం. ఒక పెద్ద ఆదేశం రాస్తే దాని స్థానంలో అనేక చిన్న యంత్ర ఆదేశాలు వచ్చి చేరేవి కనుక దానికి ఆ పేరు పెట్టారు. 1960లో బెల్ లాబొరేటరీస్‌కు చెందిన డగ్లస్ మెకిల్రాయ్ ఈ పద్ధతిని ప్రోగ్రామింగ్ భాషలకు విస్తరిస్తూ ఒక ముఖ్యమైన పరిశోధన పత్రం ప్రచురించారు. అయితే అప్పటికి ఇదంతా నిపుణుల వ్యవహారం. సామాన్యులకు అందులో చోటు లేదు.

ఆ చోటు కల్పించే ప్రయత్నం ఒక విశ్వవిద్యాలయంలో జరిగింది. అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ అనే ఇద్దరు గణిత ఆచార్యులు 1964 మే 1న బేసిక్ అనే భాషను మొదటిసారి నడిపించారు. విజ్ఞానశాస్త్రం చదవని విద్యార్థి కూడా యంత్రానికి ఆదేశం ఇవ్వగలగాలన్నది వారి సంకల్పం. మన కథకు ఇది కీలకం. ముప్పై ఏళ్ల తరవాత కార్యాలయ సాఫ్ట్‌వేర్‌లో మాక్రోల భాషగా స్థిరపడింది ఈ బేసిక్ వారసురాలే.

ఈలోగా 1983లో విడుదలైన లోటస్ 1-2-3 అనే లెక్కల సాఫ్ట్‌వేర్ మాక్రోలను గుమాస్తాల బల్ల మీదికి తెచ్చింది. రోజూ నొక్కే మీటల వరసను ఒక గడిలో రాసిపెట్టుకుని, కావలసినప్పుడు ఒక్కసారి పిలిస్తే చాలు, పని నడిచేది. లెక్కలు రాసుకునే ఉద్యోగి తనకు తెలియకుండానే ప్రోగ్రాం రాసేవాడయ్యాడు.

7.3 పారదర్శక పత్రం నుంచి పవర్‌పాయింట్ దాకా

ప్రెజెంటేషన్ సాఫ్ట్‌వేర్ రాకముందు ఉపన్యాసకులు ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ వాడేవారు. పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు మీద స్కెచ్ పెన్నుతో రాసి, దీపం మీద పెడితే గోడ మీద కనబడేది. నా తరం అధ్యాపకులు చాలామంది ఈ షీట్లతోనే పాఠాలు చెప్పారు. తప్పు దొర్లితే ఉమ్మితడితో తుడిచి దిద్దుకునేవాళ్లం.

అమెరికాలోని కాలిఫోర్నియాలో ఫోర్‌థాట్ అనే చిన్న సంస్థలో పనిచేస్తున్న రాబర్ట్ గాస్కిన్స్ ఈ షీట్లను కంప్యూటర్ మీద తయారుచేయవచ్చని ఆలోచించారు. డెనిస్ ఆస్టిన్ దాని రూపకల్పనలో ప్రధాన పాత్ర వహించారు. మొదట ప్రెజెంటర్ అనుకున్న పేరు, పవర్‌పాయింట్‌గా మారి, 1987 ఏప్రిల్‌లో మెకింటాష్ కంప్యూటర్ కోసం విడుదలైంది. ఆ మొదటి రూపం నలుపు తెలుపు పేజీలను మాత్రమే ఇచ్చేది. వాటిని షీట్ల మీద ముద్రించుకోవాలి. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ ఆ సంస్థను 1.4 కోట్ల డాలర్లకు కొన్నది. 1990లో విండోస్ రూపం వచ్చింది. 1992లో వచ్చిన మూడో రూపంతో కంప్యూటర్ నుంచి నేరుగా తెర మీద ప్రదర్శించడం వీలయింది. షీటు అవసరం తగ్గడం అక్కడ మొదలయింది.

1987లోనే బిల్ గేట్స్ బైట్ పత్రికలో ఒక వ్యాసం రాస్తూ, సాఫ్ట్‌వేర్లన్నిటికీ ఉమ్మడిగా బేసిక్ ఆధారిత మాక్రో భాష ఉండాలని వాదించారు. ఆ ఆలోచన మెల్లగా రూపు దాల్చింది. 1991లో విజువల్ బేసిక్, 1993లో ఎక్సెల్ ఐదో రూపంలో అప్లికేషన్ల కోసం విజువల్ బేసిక్ వచ్చాయి. దీనిని క్లుప్తంగా వీబీఏ అంటారు. పవర్‌పాయింట్ 97తో ఈ భాష ప్రెజెంటేషన్‌లోకి ప్రవేశించింది. దానితోపాటు రికార్డర్ అనే సౌకర్యం కూడా వచ్చింది. మీరు చేతితో చేసిన పనిని రికార్డర్ చూసి, దానికి సరిపడే కోడ్‌ను తానే రాసిపెట్టేది. కోడ్ రాయడం రానివారికి అది పలక మీద గురువు పెట్టిన దిద్దుడక్షరం వంటిది.

7.4 ఒక చిన్న మాక్రోను చదువుదాం

చరిత్ర విద్యార్థి శాసనాన్ని ఎలా చదువుతాడో అలాగే దీనినీ చదవండి. వీబీఏ ఇంగ్లీషు లిపిలో రాయవలసిన భాష. చదవడానికి వీలుగా ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాను.

సబ్ అక్షరాలుపెంచు()
ఫర్ ఈచ్ పలక ఇన్ యాక్టివ్‌ప్రెజెంటేషన్.స్లైడ్స్
ఫర్ ఈచ్ పెట్టె ఇన్ పలక.షేప్స్
ఇఫ్ పెట్టె.హ్యాజ్‌టెక్స్ట్‌ఫ్రేమ్ దెన్
పెట్టె.టెక్స్ట్‌ఫ్రేమ్.టెక్స్ట్‌రేంజ్.ఫాంట్.సైజ్ = 32
ఎండ్ ఇఫ్
నెక్స్ట్
నెక్స్ట్
ఎండ్ సబ్

అక్షరాలుపెంచు, పలక, పెట్టె అన్నవి నేను పెట్టుకున్న పేర్లు. మిగిలినవి ఆ భాషలోని మాటలు. అర్థం ఇది: తెరిచి ఉన్న ప్రెజెంటేషన్‌లోని ప్రతి స్లైడునూ తీసుకో. ఆ స్లైడులోని ప్రతి పెట్టెనూ చూడు. అందులో రాత పెట్టే వీలుంటే దాని అక్షరాల పరిమాణం 32 చెయ్యి. తరవాతి పెట్టెకు వెళ్లు. పెట్టెలు అయిపోతే తరవాతి స్లైడుకు వెళ్లు.

చుక్కలను గమనించండి. జిల్లా, మండలం, గ్రామం, వీధి, ఇల్లు అని చిరునామా రాసినట్టే, ప్రెజెంటేషన్, స్లైడు, పెట్టె, రాత, ఫాంటు, పరిమాణం అని పెద్దదాని నుంచి చిన్నదానికి చుక్కల మీదుగా దిగుతున్నాం. ఈ అమరిక అర్థమైతే మాక్రో సగం అర్థమైనట్టే. ప్రయత్నించదలచినవారు విండోస్ పవర్‌పాయింట్‌లో ఆల్ట్, ఎఫ్11 మీటలు కలిపి నొక్కితే ఎడిటర్ తెరుచుకుంటుంది. అక్కడ ఒక మాడ్యూల్ చేర్చి దీనిని ఇంగ్లీషు లిపిలో రాయాలి. ముందుగా ఫైలుకు ఒక నకలు తీసి పెట్టుకోవడం మరవకండి.

ఇందులో ఒక లోపం కూడా ఉంది. మీరు కనిపెట్టారా? ఈ ఆదేశం శీర్షికను, వివరణను, పేజీ అడుగున ఉన్న చిన్న అంకెను కూడా 32 చేసేస్తుంది. యంత్రం చెప్పినది చేస్తుంది, మీరు ఉద్దేశించినది కాదు. ఏది శీర్షిక, ఏది వివరణ అని విడమరచి చెప్పవలసిన బాధ్యత రాసేవారిదే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 1
అ) బేసిక్ భాషను రూపొందించినవారి ఉద్దేశం ఏమిటి?
ఆ) పై మాక్రోలో రెండు నెక్స్ట్‌లు ఎందుకు ఉన్నాయి?

7.5 1997: మన ప్రాంతంలో తెర

పవర్‌పాయింట్‌లోకి వీబీఏ వచ్చిన 1997వ సంవత్సరం మన ప్రాంత చరిత్రలో మరో రెండు కారణాల వల్ల గుర్తుంచుకోదగినది.

మొదటిది, ఒక ప్రదర్శన. కుప్పం నుంచి 1989 మొదలు శాసనసభకు ఎన్నికవుతూ వచ్చిన నారా చంద్రబాబునాయుడు అప్పుడు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి. ఆ ఏడాది బిల్ గేట్స్ భారతదేశానికి వచ్చినప్పుడు ఢిల్లీలో ఆయనను కలిసి, ల్యాప్‌టాప్ తెరచి, రాష్ట్రం గురించి ప్రదర్శన చూపించారు. 1998లో మైక్రోసాఫ్ట్ తన అభివృద్ధి కేంద్రాన్ని హైదరాబాద్‌లో ప్రారంభించింది. అదే ఏడాది నవంబరులో హైటెక్ సిటీలోని సైబర్ టవర్స్ ప్రారంభమైంది. 1999లో విజన్ 2020 పత్రం వెలువడింది. తెర మీద స్లైడ్లు చూపిస్తూ పాలన గురించి మాట్లాడే పద్ధతి అధికారుల సమీక్షలలో మామూలైపోయింది. దీనిని మెచ్చుకున్నవారు వేగాన్ని, పారదర్శకతను చూశారు. విమర్శించినవారు గ్రామాల కష్టం స్లైడుల్లో ఇమడలేదన్నారు. 2004 ఎన్నికల్లో ఆ ప్రభుత్వం ఓడిపోయిన తరవాత ఈ చర్చ మరింత పెరిగింది. చరిత్ర విద్యార్థులుగా మీరు రెండు వాదాలనూ ఆధారాలతో తూచాలి.

రెండవది, 1997లోనే కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం ఏర్పడింది. తెలుగు, తమిళం, కన్నడం కలిసే నేల మీద దక్షిణాది భాషల అధ్యయనానికి ఒక విద్యాసంస్థ రావడం సహజం. ప్రదర్శనల వెలుగు ఒకవైపు, భాషల చింతన మరోవైపు ఒకే నియోజకవర్గంలో కలిశాయి. అయితే ఈ రెండిటి మధ్య సంభాషణ అంత తేలిక కాదని తరవాతి విభాగంలో చూస్తాం.

2002 ఫిబ్రవరిలో హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి కుప్పంలో ఐ-కమ్యూనిటీ అనే పథకం ప్రారంభించింది. మూడేళ్ల ప్రణాళిక అది. గ్రామాల్లో సమాచార కేంద్రాలు పెట్టారు. అందులో ఒక ప్రయోగం మన ప్రశ్నకు నేరుగా జవాబిస్తుంది. స్వయం సహాయక సంఘాల మహిళలకు డిజిటల్ కెమెరా, సౌరశక్తితో నడిచే ప్రింటర్ ఇచ్చి, ఫొటో తీసే పని నేర్పారు. వాళ్లు ఊరూరా తిరిగి గుర్తింపు కార్డుల ఫొటోలు, వేడుకల ఫొటోలు తీసి సంపాదించుకున్నారు. ప్రదర్శన చూసిన ప్రేక్షకుడికీ కెమెరా పట్టిన ఆ మహిళకూ ఉన్న తేడాను గమనించండి. ఒకరు తెర ముందు, మరొకరు తెర వెనుక. సాధనం చేతికి ఇచ్చి, దానిని నడిపే విధానం కూడా నేర్పినప్పుడే మనిషి స్థానం మారింది.

ప్రెజెంటేషన్ సాఫ్ట్‌వేర్ విషయంలో ఈ రెండో అడుగు అంత త్వరగా పడలేదు. దానికి ఒక ముఖ్య కారణం మన లిపి దగ్గరే ఉంది.

7.6 తెలుగు అక్షరం దగ్గర ఆగిన ఆదేశం

1990లలో తెలుగు టైపు చేయడానికి డీటీపీ కేంద్రాల్లో రకరకాల ఫాంట్లు వాడేవారు. వాటిలో చాలావాటిలో ఒక కిటుకు ఉండేది. కంప్యూటర్ లోపల ఉన్నది ఇంగ్లీషు అక్షరమో గుర్తో. దాని మీద తెలుగు అక్షరం బొమ్మ తొడిగేవారు. ఫాంటు ఉన్న యంత్రంలో అది తెలుగు. ఫాంటు లేని యంత్రంలో అర్థంలేని గుర్తుల కుప్ప. ఒక్కో సంస్థ ఫాంటుది ఒక్కో అమరిక.

నా అనుభవం ఒకటి చెబుతాను. 2006 ప్రాంతంలో ఒక అధ్యయన కేంద్రంలో ఆదివారం తరగతికి వెళ్లాను. బైరెడ్డిపల్లె, పుంగనూరు వైపు నుంచి తెల్లవారుజాము బస్సులకు వచ్చిన విద్యార్థులు కూర్చుని ఉన్నారు. పాలెగాళ్ల చరిత్ర మీద నా స్లైడ్లు తెరిస్తే తెర నిండా వంకర గుర్తులు. ఫాంటు తెచ్చుకోవడం నేనే మరిచాను. వెనక నుంచి ఒక అబ్బాయి లేచి, "ఆ మిషన్‌లో ఫాంటు లేదు సార్, వెయ్యల్ల" అన్నాడు. అతను బైరెడ్డిపల్లెలో జిరాక్స్, డీటీపీ అంగడిలో పనిచేస్తూ బి.ఏ. చదువుతున్నాడు. ఆ రోజు బల్ల మీద సుద్దముక్కతోనే పాఠం చెప్పాను. తరగతి అయ్యాక, "నాయనా, దీనికి మందేమన్నా ఉందా?" అని అడిగాను.

"ఉంది సార్, యూనికోడ్‌లోకి మార్చుకోవల్ల" అన్నాడు. నా దగ్గర 14 పాఠాల స్లైడ్లు ఉన్నాయి. రాతను మార్పిడి ప్రోగ్రాంతో యూనికోడ్‌లోకి మార్చి అతికించేసరికి, ప్రతి స్లైడులోనూ ఫాంటు, పరిమాణం చెదిరిపోయాయి. అప్పుడు అతను ఒక్క స్లైడులో చేతితో సరిచేస్తూ రికార్డర్ నడిపాడు. అది రాసిపెట్టిన కోడ్ తెరచి, చుట్టూ ఫర్ ఈచ్, నెక్స్ట్ చేర్చాడు. ఒకే పని అన్ని స్లైడులకూ జరిగిపోయింది. డాక్టరేటు ఉన్న నేను పక్కన కూర్చుని చూశాను. అప్పటిదాకా ఆ సాఫ్ట్‌వేర్‌ను పదేళ్లుగా వాడుతున్నా, తెర వెనుక ఏముందో నేను చూడలేదు.

అతను మార్చుకోమన్న యూనికోడ్ ఏమిటో చూద్దాం. ప్రపంచంలోని ప్రతి లిపిలో ప్రతి అక్షరానికీ ఒక స్థిరమైన సంఖ్య కేటాయించే ప్రమాణం అది. 1991లో వెలువడిన మొదటి రూపంలోనే తెలుగుకు స్థానం దొరికింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో తెలుగును చూపించగలిగింది. విదేశాల్లో ఉన్న తెలుగువారూ ఈ మార్పుకు తోడ్పడ్డారు. తిరుమల కృష్ణదేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లు రూపొందించారు. వెన్న నాగార్జున తయారుచేసిన పద్మ అనే సాధనం పాత ఫాంట్ల రాతను యూనికోడ్‌లోకి మార్చేది. పద్మ చేసినదీ మాక్రో తరహా పనే: ఈ గుర్తు కనబడితే ఆ అక్షరం పెట్టు అన్న నియమాల పట్టికను రాత పొడవునా నడిపించడం.

అయినా ఒక గోడ మిగిలింది. వీబీఏ ఎడిటర్ యూనికోడ్‌కు ముందు కాలపు పద్ధతిలో తయారైంది. ఆ పద్ధతిలో ఒక్కో లిపికి కోడ్ పేజీ అనే పట్టిక ఉండేది. రష్యన్‌కు, జపనీస్‌కు ఉంది. తెలుగుకు విండోస్‌లో అలాంటి కోడ్ పేజీ లేదు. కనుక ఎడిటర్‌లో తెలుగు మాట రాస్తే ప్రశ్నార్థకాలు మిగులుతాయి. స్లైడు మీద తెలుగు చక్కగా కనబడుతుంది, కానీ ఆదేశంలో తెలుగు రాయలేం. మరి స్లైడు మీద తెలుగు అన్న మాటను మాక్రోతో రాయించాలంటే? సీహెచ్‌ఆర్‌డబ్ల్యూ అనే ఫంక్షన్‌కు అక్షరాల సంఖ్యలు ఇవ్వాలి: 3108, 3142, 3122, 3137, 3095, 3137. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. మూడక్షరాల మాటకు ఆరు సంఖ్యలు. గుణింతం గుర్తులను విడిగా లెక్కపెట్టడం దీనికి కారణం.

ఫాంటు మార్చేటప్పుడూ ఇలాంటి తేడా ఉంది. ఇంగ్లీషు అక్షరాలకు ఫాంట్.నేమ్ చాలు. తెలుగు వంటి సంక్లిష్ట లిపులకు నేమ్‌కాంప్లెక్స్‌స్క్రిప్ట్ అనే వేరే గుణం ఉంది. ఇది తెలియక, మాక్రో నడిచింది కానీ తెలుగు మారలేదని తల పట్టుకున్నవారు ఉన్నారు. అక్షరాన్ని చూడటానికి వీలు కల్పించి, అదే అక్షరంతో ఆదేశించడానికి వీలు లేకుండా చేసిన ఈ ఏర్పాటు ఎవరూ కావాలని చేసిన కుట్ర కాదు. ఎడిటర్ పుట్టిన కాలం నాటి అలవాటు అందులో గడ్డకట్టి ఉండిపోయింది. సాధనాల్లో కూడా చరిత్ర ఇలా పొరలు పొరలుగా నిలిచి ఉంటుంది.

7.7 భయం, తాళం

మాక్రోల కథలో మరో మలుపు భద్రత. పత్రంలోనే ఆదేశం దాగి ఉండగలదంటే, చెడ్డ ఆదేశం కూడా దాగి ఉండగలదు. 1995లో కాన్సెప్ట్ అనే మాక్రో వైరస్ వర్డ్ ఫైళ్ల ద్వారా వ్యాపించింది. 1999 మార్చిలో మెలిస్సా వచ్చింది. ఫైలు తెరిస్తే చాలు, ఆ మనిషి చిరునామాల పుస్తకంలోని మొదటి 50 మందికి తనంతట తానే ఈమెయిల్‌లో వెళ్లేది.

దీనికి జవాబుగా తాళాలు పెరిగాయి. 2007లో మాక్రో ఉన్న ప్రెజెంటేషన్లకు పీపీటీఎం అని, లేనివాటికి పీపీటీఎక్స్ అని వేరు పేర్లు వచ్చాయి. ఫైలు పేరు చూసి ఆదేశం ఉందో లేదో తెలుసుకోవచ్చు. 2022 నుంచి ఇంటర్నెట్ ద్వారా వచ్చిన ఫైళ్లలో మాక్రోలను మైక్రోసాఫ్ట్ మొదటే అడ్డుకుంటోంది. ఈ జాగ్రత్తలు అవసరమైనవే. తెలియనివారు పంపిన ఫైలులో మాక్రోను అనుమతించకండి.

కానీ మరో రకం తలుపులూ మూతపడ్డాయి. పవర్‌పాయింట్ 2007 నుంచి రికార్డర్‌ను తీసివేశారు. 2008లో మెకింటాష్ రూపం నుంచి వీబీఏనే తొలగించి, వినియోగదారుల అసంతృప్తి తరవాత 2011లో తిరిగి చేర్చారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అయిన లిబ్రే ఆఫీస్‌లోనూ రైటర్, కాల్క్‌లకు రికార్డర్ ఉంది కానీ ప్రదర్శనల కోసం ఉన్న ఇంప్రెస్‌కు లేదు. నిపుణుడికి దీనివల్ల నష్టం తక్కువ. చేసి చూపిస్తూ నేర్చుకునే జిరాక్స్ అంగడి అబ్బాయికి మాత్రం మొదటి మెట్టు పోయింది. ఏ సౌకర్యం ఎవరి కోసం ఉంచారు, ఎవరిది తీసేశారు అన్నది కూడా చరిత్రే.

7.8 వేగం వస్తే చాలా?

మాక్రో వంద స్లైడ్లను నిమిషంలో తయారుచేయగలదు. ఆ వంద స్లైడుల్లో విషయం ఉందా అన్నది వేరే ప్రశ్న. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా అంతరిక్ష నౌక కూలి కల్పనా చావ్లాతో సహా ఏడుగురు మరణించారు. ఆ ప్రమాదాన్ని విచారించిన సంఘం, సాంకేతిక నివేదికలకు బదులు స్లైడ్ల మీద ఆధారపడే అలవాటును తప్పుబట్టింది. రెక్కకు తగిలిన నురుగు ముక్క, అప్పటిదాకా పరీక్షించిన ముక్కల కంటే ఎంతో పెద్దదన్న కీలక విషయం ఒక స్లైడులో అడుగున, చిన్న ఉపాంశంగా ఉండిపోయింది. అక్షరాల పరిమాణం అలంకారం మాత్రమే కాదని, ఏది ముఖ్యమో చెప్పే తీర్పు అని ఈ విషాదం చూపిస్తుంది. మనం పైన రాసిన మాక్రో అన్నిటినీ 32 చేసినప్పుడు చేసిన తప్పు ఈ రకమైనదే.

ఇక్కడ మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ అనుభవం గుర్తుచేసుకోవాలి. అక్కడి గ్రామీణ విద్యా కేంద్రం, ఒకే గదిలో అన్ని తరగతుల పిల్లలూ కూర్చునే బడుల కోసం పెట్టెలో బడి అనదగిన పాఠ్య కార్డుల పద్ధతిని రూపొందించింది. నేర్చుకోవలసిన విషయాన్ని చిన్న చిన్న మెట్లుగా విడదీసి, మెట్టుకో కార్డు పెట్టి, ప్రతి బిడ్డా తన వేగంతో ఎక్కేలా నిచ్చెన కట్టారు. ఇందులో కంప్యూటర్ లేదు. కానీ పనిని మెట్లుగా విడగొట్టడం, అదే అచ్చును అనేక చోట్ల వాడటం, స్థానిక కథలను అందులో పొదగడం ఉన్నాయి. మాక్రోకు కావలసిన ఆలోచన ఇదే. ముందు మనిషి మెట్లను గుర్తించాలి. తరవాతే యంత్రానికి చెప్పాలి.

7.9 సారాంశం

మాక్రో అంటే ఒక చిన్న పిలుపుతో నడిచే ఆదేశాల వరస. 1950ల నిపుణుల పరిభాషగా మొదలై, 1964 నాటి బేసిక్ ఆదర్శంతో కలిసి, 1997లో పవర్‌పాయింట్‌లోకి వచ్చింది. అదే కాలంలో కుప్పం ప్రాంతానికి ప్రదర్శనల సంస్కృతి, సమాచార కేంద్రాలు చేరాయి. చూసే అవకాశం త్వరగా వచ్చింది. ఆదేశించే అవకాశం మాత్రం లిపి అడ్డంకుల వల్ల, తరవాత తాళాల వల్ల ఆలస్యమైంది. ఈనాడు కృత్రిమ మేధ సాధనాలను అడిగితే మాక్రోను అవే రాసి ఇస్తున్నాయి. దానిని చదవలేని మనిషి మళ్లీ తెర ముందే కూర్చుంటాడు. రాయడం రాకపోయినా, ఏడెనిమిది పంక్తుల ఆదేశాన్ని చదివి, అది ఏం చేస్తుందో, ఏం చేయదో చెప్పగలగడం మీ తరానికి అవసరమైన అక్షరాస్యత.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 2
అ) వీబీఏ ఎడిటర్‌లో తెలుగు ఎందుకు నిలవదు?
ఆ) పీపీటీఎక్స్, పీపీటీఎం ఫైళ్ల మధ్య తేడా ఏమిటి?

7.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. ప్రెజెంటేషన్ సాఫ్ట్‌వేర్‌లో మాక్రోల ఆవిర్భావాన్ని కాలక్రమంలో వివరించండి.
2. కుప్పం అనుభవం ఆధారంగా, సాధనాన్ని చూడటానికీ నడపడానికీ గల భేదాన్ని చర్చించండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తులలో సమాధానం రాయండి.
1. పాత ఫాంట్ల నుంచి యూనికోడ్‌కు మారడంలో ఎదురైన సమస్యలు.
2. మాక్రో వైరస్‌లు, వాటికి వచ్చిన ప్రతిస్పందన.
3. మీ ఊరిలో మీరు చూసిన ఒక ప్రదర్శనను గుర్తుచేసుకుని, దానిని ఎవరు తయారుచేశారో, అందులో ఏది పెద్ద అక్షరాలతో, ఏది చిన్న అక్షరాలతో ఉందో, ఎందుకు అలా ఉందో రాయండి.